మోడెమ్ వాళ్లది, రౌటర్ మనది: ఇంటి నెట్‌కి సొంత డబ్బా కొనాలా వద్దా?

ఈ వారం టాపిక్ మీలో చాలామంది అడిగిందే. "ఇంటికి ఫైబర్ పెట్టించుకున్నాం, కంపెనీ వాళ్లే మోడెమ్ ఫ్రీగా ఇచ్చారు. ఇంకా మనం సొంతంగా ఒకటి కొనుక్కోవాలా? కొంటే ఏది కొనాలి? సికింద్రాబాద్‌లో ఎక్కడ కొనాలి?"

ఆఖరిదాకా ఊరించకుండా సమాధానం ముందే చెప్పేస్తా. మోడెమ్ కొనకండి. రౌటర్ కొనండి. అది కూడా ఒక చిన్న పరీక్ష చేశాకే. కొందరికి రౌటర్ కూడా అక్కర్లేదు, వాళ్లెవరో కూడా చెప్తా. ఎందుకలా అన్నది అర్థమైతే షాపులో ఎవరు ఏం చెప్పినా మీరు కన్‌ఫ్యూజ్ అవ్వరు. అందుకని ఎందుకు అన్న దగ్గరే మొదలుపెడదాం.

మనం మోడెమ్ అనేది అసలు ఏంటి?

మన దగ్గర గోడకు బిగించి లైట్లు మెరిసే ఏ డబ్బానైనా మోడెమ్ అనే అంటాం. దీని వెనక కథ ఉంది. 2005 జనవరిలో బీఎస్‌ఎన్‌ఎల్ డేటావన్ పేరుతో బ్రాడ్‌బ్యాండ్ మొదలుపెట్టింది. ల్యాండ్‌లైన్ ఫోన్ రాగి తీగ మీదే నెట్ వచ్చేది. ఆ తీగలో వచ్చే సిగ్నల్‌ని కంప్యూటర్‌కి అర్థమయ్యేలా మార్చాలి కాబట్టి అక్కడ నిజంగానే మోడెమ్ ఉండేది. దాన్ని బీఎస్‌ఎన్‌ఎల్ దగ్గర అద్దెకు తీసుకోవచ్చు, లేదంటే బయట కొనుక్కోవచ్చు. బయట కొన్నవాళ్లకి వీపీఐ 0, వీసీఐ 35 అన్న రెండు నంబర్లు గుర్తుండే ఉంటాయి. అవి వేస్తేనే లైన్ కలిసేది.

తర్వాత హైదరాబాద్, సికింద్రాబాద్‌లో బీమ్ టెలికాం లాంటివాళ్లు వచ్చారు. ఆ కంపెనీ తర్వాత ఆక్ట్‌లో కలిసిపోయింది. వాళ్ల పద్ధతి వేరు. ఫైబర్ బిల్డింగ్ దాకా వచ్చి ఆగేది. అక్కడ ఒక స్విచ్ పెట్టి, ఒక్కో ఫ్లాట్‌కి మామూలు లాన్ కేబుల్ లాగేవాళ్లు. మేడల మీంచి, మెట్ల పక్క నుంచి వచ్చిన ఆ కేబుల్‌ని డైరెక్టుగా కంప్యూటర్‌కి పెట్టినా నెట్ వచ్చేది. అంటే ఇంట్లో మోడెమ్ అనేదే లేదు! వై-ఫై కావాలంటే పార్క్‌లేన్ వెళ్లి ఒక రౌటర్ కొనుక్కొచ్చేవాళ్లం. ఒక్కసారి గమనించండి, అప్పట్లో రౌటర్ మనదే. దాని పేరు, పాస్‌వర్డ్, సెట్టింగులు అన్నీ మన చేతిలోనే.

ఆ తర్వాత ఫైబర్ నేరుగా ఫ్లాట్ లోపలికే వచ్చింది. 2019 సెప్టెంబర్ 5న జియోఫైబర్ కమర్షియల్‌గా లాంచ్ అయింది, మిగతా కంపెనీలు కూడా ఇంటింటికీ ఫైబర్ లాగడం పెంచాయి. వైరుతో పాటు కంపెనీ డబ్బా కూడా లోపలికి వచ్చింది. మన పాత రౌటర్లు అటకెక్కాయి. మనం పెద్దగా గమనించలేదు గానీ, ఇంటి వై-ఫై తాళంచెవి ఆ రోజు మన చేతిలోంచి వెళ్లిపోయింది.

ఇప్పుడు ఆ డబ్బా లోపల చూద్దాం. చూడ్డానికి ఒకటే, లోపల రెండు మెషీన్లు. మొదటిది ఓఎన్‌టీ. ఫైబర్‌లో వచ్చే వెలుతురుని ఎలక్ట్రికల్ సిగ్నల్‌గా మారుస్తుంది. రెండోది రౌటర్. వచ్చిన ఒక్క కనెక్షన్‌ని ఇంట్లో ఉన్న ఫోన్లకి, టీవీకి, ల్యాప్‌టాప్‌లకి పంచుతుంది, వై-ఫై ఇస్తుంది.

మన నల్లా కనెక్షన్‌తో పోల్చుకోండి. మీటర్ దాకా వచ్చే లైన్ జలమండలిది. దాన్ని మనం ముట్టుకోం, మార్చం. మీటర్ దాటాక సంపు, మోటారు, పైపులు, ట్యాపులు మనవి. బాత్రూంలో ట్యాపు ఎక్కడ ఉండాలో జలమండలి నిర్ణయించదు కదా? ఓఎన్‌టీ మీటర్ లాంటిది, రౌటర్ ఇంట్లో పైపులైన్ లాంటిది. కంపెనీ ఈ రెండింటినీ ఒకే డబ్బాలో పెట్టి ఇచ్చేసరికి, పైపులైన్ కూడా వాళ్లదే అనుకోవడం మనకు అలవాటైపోయింది.

ఓఎన్‌టీ ఎందుకు కొనొద్దు?

ఆన్‌లైన్‌లో ఓఎన్‌టీలు దొరుకుతాయి. కొనేసి, కంపెనీ డబ్బా పీకేసి, ఆ ఫైబర్ దీనికి పెట్టేస్తే సరిపోతుంది కదా అని అడుగుతారు. సరిపోదు. మీ వీధిలో ఒక ఫైబర్‌ని స్ప్లిటర్‌తో చీల్చి చాలా ఇళ్లకు పంచుతారు. అందరి సిగ్నల్ ఒకే ఫైబర్ మీద వస్తుంది కాబట్టి, ఏ డబ్బా ఎవరిదో అవతల ఎక్స్ఛేంజ్‌లో ఉన్న ఓఎల్‌టీ అనే మెషీన్‌కి తెలియాలి. అందుకే మీ ఓఎన్‌టీ సీరియల్ నంబర్‌నో, దానికిచ్చిన ఐడీనో అక్కడ రిజిస్టర్ చేస్తారు. రిజిస్టర్ కాని డబ్బా పెడితే నెట్ రాదు. పైగా తేడా చేసే డబ్బా పెడితే అదే స్ప్లిటర్ మీద ఉన్న పక్కింటివాళ్ల లైన్ కూడా దెబ్బతినొచ్చు.

ఇంకో చిక్కు. ఈ ఫైబర్ పద్ధతుల్లో జీపాన్ ఒకటి, ఈపాన్ ఒకటి. జీపాన్‌లో డౌన్‌లోడ్ వైపు దాదాపు రెండున్నర గిగాబిట్లు, అప్‌లోడ్ వైపు దాదాపు ఒకటింపావు. ఈపాన్‌లో రెండు వైపులా ఒకటింపావు. ఇదంతా స్ప్లిటర్ కింద ఉన్న ఇళ్లన్నిటికీ కలిపి. జీపాన్ లైన్ మీద ఈపాన్ డబ్బా పనిచేయదు. రెండూ నడిచే ఎక్స్‌పాన్ డబ్బాలు ఉన్నాయి, కానీ రిజిస్ట్రేషన్ గొడవ వాటికీ ఉంటుంది.

ఒక మినహాయింపు బీఎస్‌ఎన్‌ఎల్ ఫైబర్. అక్కడ చాలా చోట్ల లోకల్ పార్ట్‌నర్ ద్వారా కనెక్షన్ ఇస్తారు, కస్టమర్ సొంత ఓఎన్‌టీ కొనుక్కోవడం మామూలే. అప్పుడు కూడా ముందు మీ ఏరియా పార్ట్‌నర్‌ని ఏ మోడల్ నడుస్తుందో అడిగి, అదే కొనండి. మీరు కొనేసి తర్వాత అడగడం కాదు.

ఎయిర్‌ఫైబర్ ఉన్నవాళ్లకీ ఇదే లెక్క. మేడ మీద బిగించే యూనిట్ కంపెనీది, దాని జోలికి వెళ్లొద్దు. లోపల వై-ఫై సంగతి మాత్రమే మనం ఆలోచించాలి.

సొంత రౌటర్‌తో మనకేంటి లాభం?

అందరూ స్పీడ్ అంటారు. స్పీడ్ రెండో విషయం. మొదటిది, కంపెనీ మారే స్వేచ్ఛ.

2025 ఆగస్టు గుర్తు తెచ్చుకోండి. రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపులో రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయారు. ఆ తర్వాత విద్యుత్ సంస్థ స్తంభాల మీద వేలాడుతున్న కేబుళ్లను తీసేయడం మొదలుపెట్టింది. నగరంలో చాలా ఏరియాల్లో నెట్ ఆగిపోయింది. విషయం హైకోర్టు దాకా వెళ్లింది. మనిషి ప్రాణం కంటే నెట్ ఎక్కువ కాదు, అందులో నాకు రెండో మాట లేదు. కానీ మనకు తెలిసొచ్చింది ఏంటంటే, మన ఇంటి నెట్ ఒక స్తంభం మీద వేలాడే వైరుని నమ్ముకుని ఉంది. ఏ రోజైనా పోవచ్చు. వారం రోజులు రాకపోతే పక్క కంపెనీకి మారాల్సి రావచ్చు.

మారాలంటే ఏమవుతుంది? కొత్త కంపెనీ, కొత్త డబ్బా, కొత్త వై-ఫై పేరు, కొత్త పాస్‌వర్డ్. ఇంట్లో ఎన్ని వస్తువులు వై-ఫైకి కలిసి ఉన్నాయో ఒకసారి లెక్కపెట్టండి. నాలుగు ఫోన్లు, రెండు ల్యాప్‌టాప్‌లు, టీవీ, గేటు దగ్గర కెమెరా, ప్రింటర్, గీజర్‌కి పెట్టిన స్మార్ట్ ప్లగ్గు. వీటన్నిటిలో మళ్లీ పాస్‌వర్డ్ కొట్టాలి. మనం కుర్రాళ్లం, ఆదివారం కూర్చుని చేసేస్తాం. మారేడ్‌పల్లిలోనో సైనిక్‌పురిలోనో పిల్లలు అమెరికాలో ఉండి, ఇక్కడ అమ్మానాన్న ఇద్దరే ఉన్న ఇళ్లు ఎన్ని లేవు? ఆ కెమెరా మళ్లీ కలిపేది ఎవరు? నెట్ సరిగ్గా రాకపోయినా "పోనీలే బాబూ, ఇప్పుడు ఇదంతా ఎవరు మారుస్తారు" అని పాత కంపెనీకే ఏళ్ల తరబడి కట్టేవాళ్లు ఉన్నారు.

సొంత రౌటర్ ఉంటే, మారేది వెనకాల వచ్చే ఒక్క వైరు. వై-ఫై పేరు అదే, పాస్‌వర్డ్ అదే. ఇంట్లో ఏ వస్తువుకీ కంపెనీ మారినట్టు కూడా తెలియదు. రెండు కంపెనీల లైన్లు తీసుకుని, ఒకటి పోతే రెండోది అందుకునే రౌటర్లు కూడా ఉన్నాయి. ఇంటి నుంచి పనిచేసేవాళ్లకి అది బాగా పనికొస్తుంది.

రెండో లాభం, తాళంచెవి. కనెక్షన్ ఇచ్చేటప్పుడు టెక్నీషియన్ అడుగుతాడు, "సార్, పాస్‌వర్డ్ ఏం పెట్టమంటారు?" మనం ఆలోచించేలోపే "మీ ఫోన్ నంబర్ పెట్టేస్తున్నా సార్" అంటాడు. వై-ఫై పేరు ఫ్లాట్ నంబర్, పాస్‌వర్డ్ ఫోన్ నంబర్. వాచ్‌మన్ దగ్గర రిజిస్టర్‌లో ఆ రెండూ పక్కపక్కనే రాసి ఉంటాయి! ఇది టెక్నీషియన్ తప్పు అనను, అతనికి ఆ రోజు ఇంకా ఎన్నో ఇళ్లు ఉంటాయి. కానీ ఆ పాస్‌వర్డ్ మార్చనివాళ్లే ఎక్కువ.

ఇంకొకటి, చాలా కంపెనీ డబ్బాలని వాళ్లు ఆఫీసులో కూర్చుని దూరం నుంచే మేనేజ్ చేయగలరు. టీఆర్-069 అనే పద్ధతి అందుకే ఉంది. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేయడానికి, రిపేర్‌కి అది ఉపయోగమే. అయితే అదే పద్ధతిలో మీ వై-ఫై సెట్టింగులు కూడా వాళ్లు మార్చగలరు. డబ్బా రీసెట్ అయితే మీరు పెట్టుకున్నవి పోవచ్చు. సొంత రౌటర్ పెట్టుకుంటే కంపెనీ పని గుమ్మం దగ్గర ఆగుతుంది.

మూడోది, చోటు. కంపెనీ డబ్బా ఎక్కడ ఉంటుంది? ఫైబర్ ఎక్కడి నుంచి లోపలికి వచ్చిందో అక్కడే. మెయిన్ డోర్ పైన, లేదా బాల్కనీ మూల, లేదా టీవీ కింద అరలో. వై-ఫై ఇంటి మధ్యలో, కాస్త ఎత్తులో ఉండాలి. ఫైబర్‌ని ఇంట్లో వంచుతూ లాగడం కష్టం, బాగా వంగితే సిగ్నల్ పడిపోతుంది. లాన్ కేబుల్ అయితే హాయిగా లాగొచ్చు. కంపెనీ డబ్బా గుమ్మం దగ్గరే వదిలేసి, అక్కడి నుంచి లాన్ కేబుల్ తెచ్చి హాలు మధ్యలో మీ రౌటర్ పెట్టుకోవచ్చు.

కొనే ముందు పది నిమిషాల పరీక్ష

ఇది చేయకుండా రూపాయి ఖర్చు పెట్టకండి. ఒక ల్యాప్‌టాప్‌ని లాన్ కేబుల్‌తో నేరుగా కంపెనీ డబ్బాకి పెట్టండి. వై-ఫై ఆపేయండి. స్పీడ్ టెస్ట్ చేయండి. పొద్దున ఒకసారి, రాత్రి తొమ్మిదికి ఒకసారి.

వైరు మీద ప్లాన్ స్పీడ్ వస్తూ, బెడ్‌రూంలో వై-ఫై మీద రాకపోతే జబ్బు వై-ఫైది. కొత్త రౌటర్ మందు అవుతుంది. వైరు మీదే రాకపోతే జబ్బు లైన్‌ది. పది వేల రూపాయల రౌటర్ పెట్టినా ఉపయోగం లేదు, కంప్లైంట్ పెట్టండి. ఒక చిన్న జాగ్రత్త, ల్యాప్‌టాప్ లాన్ పోర్టు కూడా గిగాబిట్‌దే అయి ఉండాలి, లేకపోతే వంద దాటి చూపించదు.

టెక్నీషియన్ వచ్చినప్పుడు ఒక మాట అడగండి: "అన్నా, పవర్ ఎంత చూపిస్తోంది?" అతని దగ్గర చిన్న మీటర్ ఉంటుంది, ఫైబర్‌లో వచ్చే వెలుతురు ఎంతో డీబీఎంలో చూపిస్తుంది. మైనస్ నంబర్ వస్తుంది. మైనస్ 20 చుట్టుపక్కల ఉంటే బాగున్నట్టు. మామూలు జీపాన్ ఓఎన్‌టీకి మైనస్ 27 దాదాపు ఆఖరి గీత. మైనస్ 26 ఉందంటే ఇవాళ నడుస్తుంది, రేపు వానకో, ఎవరో వైరు లాగితేనో పోతుంది. కనెక్టర్ మార్చమనండి, స్ప్లైస్ మళ్లీ చేయమనండి. ఆకుపచ్చ కనెక్టర్‌ని నీలం దానికి గుచ్చినా పవర్ పడిపోతుంది, ఆ రెండింటి కొసలు వేరే కోణంలో చెక్కి ఉంటాయి.

ఏది కొనాలి?

డబ్బా మీద పెద్ద నంబర్ చూసి మోసపోకండి. ఏసీ1200 అని రాసి ఉంటుంది. అంటే 1200 ఎంబీపీఎస్ వస్తుందని కాదు. 2.4 గిగాహెర్ట్జ్‌లో 300, 5 గిగాహెర్ట్జ్‌లో 867, రెండూ కలిపి రౌండ్ చేసిన అంకె. అదీ కాగితం మీద లెక్క.

అసలు చూడాల్సింది డబ్బా వెనక, పోర్టులు. ఒకే ఏసీ1200 క్లాసులో టీపీ-లింక్ ఆర్చర్ సీ50 ఉంది, ఆర్చర్ సీ6 ఉంది. సీ50 పోర్టులు 10/100, అంటే ఫాస్ట్ ఈథర్‌నెట్. సీ6వి గిగాబిట్. మీ ప్లాన్ 200 ఎంబీపీఎస్ అనుకోండి, 10/100 పోర్టు ఉన్న రౌటర్ పెడితే 94, 95 దగ్గర ఆగిపోతుంది. నెలనెలా 200కి డబ్బులు కట్టి సగం పారబోసుకున్నట్టే. షాపులో అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే: "వ్యాన్ పోర్టు గిగాబిట్టేనా?"

రెండోది, డ్యూయల్ బ్యాండ్ ఉండాలి. 2.4 గిగాహెర్ట్జ్ గోడలు బాగా దాటుతుంది, కానీ అపార్ట్‌మెంట్‌లో పై ఫ్లాటు, కింది ఫ్లాటు అందరూ అందులోనే ఉంటారు. ఒకదాని మీద ఒకటి పడకుండా ఉండే చానెళ్లు మూడే, 1, 6, 11. అందుకే పద్మారావునగర్ లాంటి చోట ఇళ్లు దగ్గరదగ్గరగా ఉంటే 2.4 మీద రాత్రిపూట ట్రాఫిక్ జామే. 5 గిగాహెర్ట్జ్‌లో చోటు ఎక్కువ. 2018 అక్టోబర్‌లో కేంద్ర ప్రభుత్వం ఆ బ్యాండ్‌లో 605 మెగాహెర్ట్జ్‌ని లైసెన్సు లేకుండా వాడుకోవడానికి తెరిచింది. దాని బలహీనత గోడలు. రెండు గోడలు దాటేసరికి నీరసపడిపోతుంది.

ఈరోజు కొత్తగా కొనేవాళ్లు వై-ఫై 6 రౌటర్ తీసుకోండి. దాని ఉపయోగం ఎక్కువగా ఒకేసారి చాలా డివైజులు ఉన్న ఇంట్లో తెలుస్తుంది.

ఇల్లు పెద్దదైతే? మన పాత ఇళ్లలో గోడలు మందం, కొన్నింటిలో రాతి గోడలు. కింద ఒక వాటా, పైన ఒక వాటా ఉన్న ఇల్లు అయితే స్లాబ్ అడ్డం. ఒక్క రౌటర్, ఎంత ఖరీదైనది పెట్టినా కష్టమే. పైకి ఒక లాన్ కేబుల్ లాగి అక్కడ రెండో యాక్సెస్ పాయింట్ పెట్టడం అన్నిటికంటే మంచి పద్ధతి. కేబుల్ లాగడం కుదరకపోతే మెష్. కేబుల్ కొనేటప్పుడు క్యాట్ 6, పూర్తి రాగిది అడగండి. చౌకగా దొరికే వాటిలో అల్యూమినియం మీద రాగి పూత వేసినవి ఉంటాయి, వంచితే విరుగుతాయి, దూరం పోయేకొద్దీ ఇబ్బంది పెడతాయి.

ఎక్కడ కొనాలి?

సికింద్రాబాద్‌వాళ్లకి ఇది చెప్పాలా! పార్క్‌లేన్, చెనాయ్ ట్రేడ్ సెంటర్. మనందరికీ సీటీసీ. ఆన్‌లైన్ రేటు ఫోన్‌లో చూసుకుని వెళ్లండి, బేరం ఆడండి. నాలుగు విషయాలు మర్చిపోకండి. జీఎస్‌టీ బిల్లు తీసుకోండి. బిల్లు మీద సీరియల్ నంబర్ రాయించండి, వారంటీకి అదే ఆధారం. డబ్బా మీద మోడల్‌తో పాటు వెర్షన్ నంబర్ చూడండి, ఒకే పేరుతో వెర్షన్ మారితే లోపల చిప్ మారిపోతుంది. నాలుగోది, సెకండ్ హ్యాండ్ రౌటర్ తీసుకుంటే ఆ మోడల్‌కి కంపెనీ ఇంకా సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు ఇస్తోందా చూసుకోండి, ఇంటికి రాగానే ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. సెకండ్ హ్యాండ్ ఓఎన్‌టీ మాత్రం ఊరికే ఇచ్చినా తీసుకోకండి. ఏదో ఒక కంపెనీ సాఫ్ట్‌వేర్‌తో లాక్ అయి ఉండే అవకాశం ఎక్కువ.

ఇక మన తెలుగువాళ్ల స్పెషల్ ప్రశ్న. "మా అబ్బాయి డాలస్ నుంచి వస్తున్నాడు, అక్కడి మోడెమ్ తెమ్మనమంటారా?" మోడెమ్ వద్దండి. అమెరికాలో చాలా ఇళ్లకి నెట్ కేబుల్ టీవీ లైన్ మీద వస్తుంది. అక్కడ వాడేది డాక్సిస్ కేబుల్ మోడెమ్. మన ఫైబర్‌కి అది దేనికీ పనికిరాదు. రౌటర్ అయితే పనిచేస్తుంది, కానీ అడాప్టర్ మీద 100-240 వోల్టులు అని ఉందో లేదో చూడండి. 120 అని మాత్రమే ఉంటే ఇక్కడ పెట్టగానే పొగే. వారంటీ కూడా ఇక్కడ చెల్లకపోవచ్చు.

అమెరికాలో సొంత మోడెమ్ కొనడం మన కంటే ఎందుకు ఎక్కువో కూడా చెప్తా. అక్కడ డబ్బా అద్దె బిల్లులో విడిగా కనిపిస్తుంది. నెలకి 15 డాలర్లు అనుకుంటే సంవత్సరానికి 180. మోడెమ్ కొంటే ఆ అద్దె మిగులుతుంది. ఫోన్ లైన్‌కి బయటి పరికరం కలపొచ్చన్న కార్టర్‌ఫోన్ తీర్పు అక్కడ 1968 నాటిది. కంపెనీ ఇవ్వని పరికరానికి అద్దె వేయకూడదని 2019లో చట్టమే చేశారు, 2020 డిసెంబర్ నుంచి అమల్లోకి వచ్చింది. జర్మనీలో 2016 ఆగస్టు 1 నుంచి కస్టమర్ తనకు నచ్చిన మోడెమ్, రౌటర్ పెట్టుకునే హక్కు ఉంది. అక్కడ కంపెనీ బాధ్యత గోడలో ఉన్న సాకెట్ దగ్గర ఆగిపోతుంది.

మన దగ్గర "ఫ్రీ" అంటారు కాబట్టి ఈ లెక్క కనపడదు. ఫ్రీ అన్నది ఆరు నెలలో, ఏడాదో ముందే కట్టినవాళ్లకేనా? డిపాజిట్ ఉందా? మానేసినప్పుడు డబ్బా వెనక్కి ఇస్తే రసీదు ఇస్తారా? ఈ మూడు అడగండి. ఎక్కడైనా అద్దె ఉంటే 18 శాతం జీఎస్‌టీ కూడా కలుపుకోండి. నెలకి 100 రూపాయల అద్దె అంటే 118, మూడేళ్లకి 4,248. ఆ డబ్బుతో ఒక మంచి రౌటర్ వస్తుంది.

కలపడం ఎలా?

రెండు దారులు. మొదటిది బ్రిడ్జ్ మోడ్. కంపెనీ డబ్బా రౌటర్ పని మానేసి, ఉత్త ఓఎన్‌టీగా ఉంటుంది. లాగిన్ వివరాలు మీ రౌటర్‌లో వేసుకుంటారు. ఇది అడిగినప్పుడు సంభాషణ ఇలా నడుస్తుంది:

"అన్నా, మీ బాక్స్ బ్రిడ్జ్‌లో పెడతారా? యూజర్ నేమ్, పాస్‌వర్డ్ నా రౌటర్‌లో వేసుకుంటా."

"అది మా చేతిలో లేదు సార్, ఆఫీసు నుంచి చెయ్యాలి."

"సరే అన్నా, కంప్లైంట్‌లో ఏమని రాయాలో చెప్పండి. నేనే రాస్తా."

మర్యాదగా ఈ మూడో మాట దాకా వెళ్తే పని అవుతుంది చాలాసార్లు. ల్యాండ్‌లైన్ ఫోన్, టీవీ బాక్స్ కూడా అదే డబ్బా మీద నడుస్తుంటే, బ్రిడ్జ్ చేశాక అవి పనిచేస్తాయా అని ముందే అడగండి.

ఒప్పుకోకపోతే రెండో దారి. కంపెనీ డబ్బా లాన్ పోర్టు నుంచి కేబుల్ తీసి మీ రౌటర్ వ్యాన్ పోర్టుకి పెట్టండి. కంపెనీ డబ్బాలో వై-ఫై ఆపేయండి. లేకపోతే రెండూ ఒకదాన్నొకటి డిస్టర్బ్ చేస్తాయి. దీన్ని డబుల్ నాట్ అంటారు. ఒక ఇంటికి ఇద్దరు వాచ్‌మన్లు ఉన్నట్టు. యూట్యూబ్, ఆఫీస్ కాల్స్, వాట్సాప్‌కి మామూలుగా ఏ ఇబ్బందీ రాదు. కొన్ని ఆన్‌లైన్ గేముల్లో రావచ్చు.

కలిపాక ఐదు పనులు. అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చండి, ఇది వై-ఫై పాస్‌వర్డ్ కాదు, రౌటర్ సెట్టింగుల పాస్‌వర్డ్. వై-ఫై పాస్‌వర్డ్‌లో ఫోన్ నంబర్ వద్దు. డబ్ల్యూపీఏ2 లేదా 3 పెట్టండి. డబ్ల్యూపీఎస్ బటన్ ఫీచర్ ఆపేయండి. ఆటో అప్‌డేట్ ఆన్ చేయండి. ఇంకో చిట్కా, పాత కెమెరాలు, స్మార్ట్ బల్బులు చాలావరకు 2.4లోనే కలుస్తాయి, అందుకని దాన్ని పూర్తిగా ఆపేయకండి.

కరెంటు పోతే?

ఇప్పుడు రెండు డబ్బాలు, రెండు అడాప్టర్లు. ఒక్క ఓఎన్‌టీకి మాత్రమే బ్యాటరీ పెట్టి, రౌటర్ మర్చిపోతే నెట్ వచ్చి గుమ్మం దగ్గర నిలబడుతుంది. చిన్న డీసీ యూపీఎస్‌లు దొరుకుతాయి, రెండు అవుట్‌పుట్లు ఉన్నది తీసుకోండి. రెండు అడాప్టర్ల మీద వోల్టులు చదవండి. ఎక్కువగా 12 వోల్టులే ఉంటాయి, 9 ఉన్న రౌటర్లూ ఉన్నాయి. తప్పు వోల్టు పెడితే డబ్బా పోతుంది. ఆంపియర్లు రెండింటివీ కలిపి చూసుకోండి.

ఇక్కడ ఫైబర్‌కి ఒక మంచి గుణం ఉంది. ఎక్స్ఛేంజ్ నుంచి మీ ఇంటిదాకా మధ్యలో ఉండే స్ప్లిటర్‌కి కరెంటు అక్కర్లేదు, అది గాజు మాత్రమే. అందుకే వీధి మొత్తం కరెంటు పోయినా, అవతల ఓఎల్‌టీకి బ్యాకప్ ఉండి మీ రెండు డబ్బాలకి బ్యాటరీ ఉంటే నెట్ నడుస్తుంది. పాత లాన్ కేబుల్ కనెక్షన్లలో బిల్డింగ్ స్విచ్‌కి కరెంటు పోతే మీ యూపీఎస్ ఏం చేయలేదు. మీ బిల్డింగ్‌లో ఏ పద్ధతో కనుక్కున్నాకే యూపీఎస్ కొనండి.

రౌటర్ చేయలేనివి

స్తంభం మీద తెగిన వైరుని రౌటర్ అతికించదు. రాత్రి తొమ్మిదికి కంపెనీ వైపే రద్దీ ఉంటే తగ్గించదు. ఇంకోటి, చాలా కంపెనీలు వందల మంది కస్టమర్లకి ఒకే పబ్లిక్ ఐపీ పంచుతాయి, దాన్ని సీజీ-నాట్ అంటారు. మీ రౌటర్ స్టేటస్ పేజీలో వ్యాన్ ఐపీ 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీరు అందులో ఉన్నట్టు. బయటి నుంచి ఇంటి డీవీఆర్‌కి నేరుగా కలవాలనుకుంటే కుదరదు, ఎంత మంచి రౌటర్ కొన్నా కుదరదు. స్టాటిక్ ఐపీ అడగాలి, లేదా కెమెరా కంపెనీ యాప్ ద్వారానే చూడాలి.

ఎవరు కొనక్కర్లేదు? ఒక గదో, సింగిల్ బెడ్‌రూం ఫ్లాటో, అద్దె ఇల్లు, ఏడాదిలో మారిపోతారు, ఫోన్లు రెండు. పరీక్షలో వై-ఫై కూడా బాగానే వచ్చింది. అయితే డబ్బులు దాచుకోండి. కంపెనీ డబ్బా లోపలికి వెళ్లి పాస్‌వర్డ్లు మాత్రం ఇవాళే మార్చండి, దానికి ఖర్చు లేదు.

సొంత ఇల్లు, పెద్దవాళ్లు ఉన్నారు, కెమెరాలు ఉన్నాయి, ఇంటి నుంచి పని ఉంది అంటే మాత్రం రౌటర్ మీదే పెట్టుకోండి. ఊరికి వచ్చినప్పుడు అమ్మానాన్నకి మీరే కూర్చుని సెట్ చేసి, వై-ఫై పేరు, పాస్‌వర్డ్ ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి బీరువా తలుపు లోపల అంటించండి. "కంపెనీవాళ్లు మారినా ఇది మారదు" అని చెప్పండి. వాళ్లకి కావాల్సింది గిగాబిట్ కాదు, ఆదివారం వీడియో కాల్ తెగకుండా ఉండటం.

మీ ప్లాన్ ఎంత, ఇంట్లో ఎన్ని గదులు, వైరు మీద ఎంత వచ్చింది, వై-ఫై మీద ఎంత వచ్చింది, ఈ నాలుగు రాసి పంపండి. వచ్చే ఎపిసోడ్‌లో కొన్ని ఇళ్లు తీసుకుని రౌటర్ ఏ మూల పెట్టాలో గీసి చూపిస్తా. ఉంటానండి, నమస్తే.